పిన్‌బాల్ పోటీల్లో మెషిన్ కుదపడం: ఎంతవరకు ఆట, ఎక్కడ ఫౌల్? – తరచుగా అడిగే ప్రశ్నలు

పిన్‌బాల్ అంటే గ్లాస్ కింద వాలుగా ఉన్న బల్ల మీద దొర్లే ఉక్కు బంతిని, కిందకి పడిపోకుండా ఫ్లిప్పర్లనే చిన్న రెక్కలతో పైకి కొట్టి స్కోరు పోగేసే మెషిన్ ఆట. అమెరికాలో పిన్‌బాల్ లీగుల్లో, వారాంతపు టోర్నమెంట్లలో కొత్తగా ఆడటం మొదలుపెట్టిన మనవాళ్ల సందేహాలు ఎక్కువగా ఒక్క విషయం చుట్టూనే తిరుగుతాయి. మెషిన్‌ని ఎంత కుదపొచ్చు, ఎక్కడ ఆగాలి, గొడవొస్తే తప్పు ఎవరిది. అందరికీ విడివిడిగా అదే జవాబు మళ్లీ మళ్లీ రాసేకన్నా ఒకచోట పెడితే మేలు. కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి, వరస అక్కర్లేదు. చాలా పోటీలు ఐఎఫ్‌పీఏ (ఇంటర్నేషనల్ ఫ్లిప్పర్ పిన్‌బాల్ అసోసియేషన్), పాపా (ప్రొఫెషనల్ అండ్ అమెచ్యూర్ పిన్‌బాల్ అసోసియేషన్) సంస్థల ఉమ్మడి నియమావళిని అనుసరిస్తాయి కాబట్టి ఇక్కడ చెప్పేది ఆ దారిలోనే ఉంటుంది. మీ టోర్నమెంట్ డైరెక్టర్ మొదట్లో వేరేగా ఏమైనా ప్రకటిస్తే మాత్రం ఆ మాటే చెల్లుతుంది.

## పోటీకి వెళ్లకముందు

క్యారమ్స్‌లో బోర్డు కదిపితే ఊరుకోరు కదా, మరి ఇక్కడ మెషిన్‌ని కుదపడం మోసం కాదా?

కాదు. క్యారమ్స్‌లో బోర్డు కదలకుండా ఉంటేనే ఆట, పిన్‌బాల్‌లో మెషిన్ కదలడం కూడా ఆటే. నిజానికి ఫ్లిప్పర్లకన్నా ఇదే పాతది. ఫ్లిప్పర్లు వచ్చింది 1947లో, గాట్లీబ్ కంపెనీ వాళ్ల హంప్టీ డంప్టీ మెషిన్‌తో. అంతకుముందు బంతిని ఆటలోకి కొట్టే స్ప్రింగ్ కడ్డీని, అంటే ప్లంజర్‌ని లాగి బంతి వదిలాక ఆటగాడి చేతిలో మిగిలేది మెషిన్‌ని అటూ ఇటూ నెట్టడం ఒక్కటే. అది శ్రుతిమించి జనం మెషిన్లను బాదడం, ఎత్తడం మొదలుపెట్టాక 1930లలో మెషిన్లు డిజైన్ చేసే హ్యారీ విలియమ్స్ టిల్ట్ అనే పరికరం తెచ్చాడు. ఆయన కుదపడాన్ని ఆపలేదు, దానికి ఒక హద్దు గీశాడు.

ఇది అదృష్టం మీద నడిచే జూదమని 1942లో న్యూయార్క్ నగరం పిన్‌బాల్‌ని నిషేధించింది. 1976లో రోజర్ షార్ప్ అనే ఆటగాడు అధికారుల ముందే బంతి ఎటు వెళ్తుందో ముందుగా చెప్పి మరీ ఆడి చూపించాడు. ఇది నైపుణ్యం ఉన్న ఆట అని తేలి నిషేధం పోయింది. ఆ నైపుణ్యంలో సరైన క్షణంలో, సరైన దిక్కుకి, సరిపడా కుదపడం పెద్ద భాగం. బాగా ఆడేవాళ్ల చేతులు చూడండి, ఫ్లిప్పర్ బటన్ల మీద ఎంత పని జరుగుతుందో మెషిన్ అంచుల మీదా దాదాపు అంతే పని జరుగుతుంటుంది.

టిల్ట్ లోపల ఎలా పనిచేస్తుంది?

నాణేలు వేసే తలుపు తెరిస్తే చాలా మెషిన్లలో లోపల ఎడమ గోడకి ఒక సన్నటి కడ్డీ వేలాడుతూ కనిపిస్తుంది. దానికి క్యారెట్ ఆకారంలో ఒక లోహపు బరువు, దాని చుట్టూ ఒక లోహపు రింగు. మెషిన్ కుదిపినప్పుడు ఆ లోలకం ఊగుతుంది, ఊగి రింగుని తాకితే సర్క్యూట్ కలుస్తుంది. మొదట వార్నింగ్ పడుతుంది, అవి అయిపోతే టిల్ట్. టిల్ట్ అయిందంటే ఫ్లిప్పర్లు పనిచేయవు, ఆ బంతి పోతుంది, ఆ బంతి మీద పోగేసుకున్న బోనస్ కూడా పోతుంది. అక్కడున్న ఒక స్క్రూ వదులు చేసి బరువుని పైకో కిందకో జరిపితే రింగుకీ బరువుకీ మధ్య సందు మారుతుంది. టిల్ట్ టైట్‌గా ఉందనడం, వదులుగా ఉందనడం ఆ సందు గురించే.

ఇంకో సంగతి. లోలకం మీరు కుదపడం ఆపగానే ఆగదు. కాసేపు ఊగుతూనే ఉంటుంది. దాని ఊపుకి తగ్గట్టు మీ రెండో కుదుపు పడిందా, మొదటిదానికన్నా చిన్న కుదుపుకే టిల్ట్ అవుతుంది. కొత్తవాళ్లకి అన్యాయంగా అనిపించే టిల్టుల్లో చాలావాటికి కారణం ఇదే.

ఎంత కుదపొచ్చో ఏమైనా లెక్క ఉందా? ఇన్ని అంగుళాలు, ఇంత బలం అని?

లేదు, ఉండాల్సిన అవసరం కూడా లేదు. మెషిన్ లోపలి టిల్టే అంపైర్. అది ఊరుకున్నంతవరకు మామూలు కుదుపులు చెల్లుతాయి. అది చూడలేనివి కొన్ని ఉంటాయి: మెషిన్ పాడవడం, మీ చెయ్యి విరగడం, మీ కుదుపు దెబ్బ పక్కవాళ్ల ఆటకి తగలడం. మనుషులు రాసుకున్న రూల్స్ వీటికోసమే. కొత్త పరిస్థితి ఎదురై ఇది న్యాయమా కాదా అని సందేహం వస్తే నేను చూసేది ఒకటే, ఈ కుదుపు వల్ల నష్టం జరిగితే అది కుదిపినవాడిదేనా, ఇంకెవరైనా మొయ్యాల్సి వస్తుందా అని. ఎవరు చేసుకున్నది వాళ్లకి తగిలినంతకాలం గొడవ లేదు.

విండోస్‌లో ఉండే స్పేస్ కేడెట్ పిన్‌బాల్ తెగ ఆడాను. ఆ అలవాటు ఇక్కడ పనికొస్తుందా?

ఆలోచన పనికొస్తుంది, చేతివాటం పనికిరాదు. ఎక్స్‌పీ రోజుల్లో నెట్ సెంటర్లో, ఆఫీసులో అది ఆడిన మనవాళ్లలో ఫ్లిప్పర్లకి జెడ్, స్లాష్ తప్ప వేరే మీటలున్నాయనే తెలియనివాళ్లు చాలామంది. ఎక్స్ నొక్కితే ఒక పక్కకి, ఫుల్‌స్టాప్ నొక్కితే ఇంకో పక్కకి, పై బాణం నొక్కితే కింద నుంచి టేబుల్ కుదుపు తగిలేది, ఎక్కువ చేస్తే అందులోనూ టిల్ట్ అయ్యేది. అసలు మెషిన్‌లో ఒకే మీటకి ఒకే కుదుపు అని ఉండదు. అరచేత్తో చిన్నగా తట్టడం నుంచి తుంటితో కలిపి తోయడం వరకు ఎన్నో మెట్లున్నాయి. బరువు 110 కిలోలకి అటూ ఇటూ ఉండే పెట్టె అది. దాని పద్ధతి చేతికి అలవాటు కావడానికి కొన్ని వారాలు పడుతుంది.

బలంగా ఉన్నవాళ్లకి ఇది అడ్వాంటేజ్ కాదా? నేను సన్నగా ఉంటాను.

బలంకన్నా టైమింగ్ ముఖ్యం. బంతి రబ్బరుని తాకే క్షణంలో ఆ రబ్బరు ఒక పిసరు జరిగితే చాలు, బంతి వేరే దారి పడుతుంది. 80 గ్రాముల ఉక్కు బంతి దారి మార్చడానికి పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అక్కర్లేదు. బలం నిజంగా తేడా చూపించేది మెషిన్ మొత్తాన్ని పక్కకి జార్చే చోట. అందుకే మంచి నిర్వాహకులు నేల ఎలా ఉంది, కాళ్ల కింద ఏముంది అని చూసుకుంటారు. టిల్ట్ తగినంత టైట్‌గా ఉంటే బలంతో గెలిచే దారి దానంతటదే మూసుకుపోతుంది.

టిల్ట్ ఎంత టైట్‌గా ఉందో ఆటకి ముందే తెలుసుకోవచ్చా?

తలుపు తెరిచి చూసే హక్కు ఆటగాళ్లకి ఉండదు, అది అధికారుల పని. కొన్ని పోటీల్లో మ్యాచ్‌కి ముందు కొద్ది క్షణాలు ప్రాక్టీస్ ఇస్తారు, అప్పుడు కుదిపి చూడొచ్చు. అది లేకపోతే మీకంటే ముందు ఆడేవాళ్లని గమనించండి. ఎలాంటి తోపుకి వార్నింగ్ పడుతోంది, ఒకటా రెండా, ఎంతసేపటికి. ఇది పూర్తిగా న్యాయమైన సమాచారం, చూడగలిగే ఓపికున్న అందరికీ దొరుకుతుంది. మెషిన్‌కి ఎన్ని వార్నింగులు పెట్టారు అని డైరెక్టర్‌ని అడగడంలోనూ తప్పులేదు.

## ఆట నడుస్తుండగా

మెషిన్ కాళ్లు నేల మీద జరిగాయి. ఫౌలా?

దానంతట అది ఫౌల్ కాదు. బంతి రెండు ఫ్లిప్పర్ల నడిమికి పడిపోతుంటే మెషిన్‌ని ఒక్కసారిగా పక్కకి జరిపి ఫ్లిప్పర్ కొన బంతికి అందేలా చేయడాన్ని స్లైడ్ సేవ్ అంటారు, గుర్తింపు ఉన్న టెక్నిక్. జరిపాక మెషిన్ వంకరగా ఉండిపోతే బంతి మధ్యలో మీరే సర్దకండి, మీ వంతు అయ్యాక అధికారిని పిలవండి. కాళ్లు చోటు మారితే వాలు మారుతుంది, తర్వాత ఆడేవాళ్లు వేరే మెషిన్ ఆడినట్టు అవుతుంది. పక్క మెషిన్‌కి తగిలేంత జరిపితే మాత్రం మీ తప్పే.

ఫ్లిప్పర్ బటన్‌ని గట్టిగా చరుస్తూ ఆడొచ్చా?

ఆడొచ్చు. బటన్ నొక్కడం, కుదపడం ఒకే దెబ్బలో చేసే దీన్ని స్లాప్ సేవ్ అంటారు, అందరూ వాడేదే. చేతికి ఉంగరాలుంటే తీసేయండి, క్యాబినెట్ బొమ్మలు గీసుకుపోతాయి.

డెత్ సేవ్, బ్యాంగ్ బ్యాక్ ఎందుకు నిషేధం? ఇంట్లో అందరూ చేస్తారుగా?

ఇంట్లో మీ మెషిన్ మీ ఇష్టం. పోటీలో రెండూ నిషేధం. కారణాలు గట్టివి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

డెత్ సేవ్ అంటే ఇది. బల్ల అంచున బంతి పడిపోయే దారి ఉంటుంది, దాన్నే అవుట్‌లేన్ అంటారు, అందులోంచి బంతి జారిపోయింది, ఇక ఏ ఫ్లిప్పరూ దాన్ని అందుకోలేదు. ఆ బంతి కిందకి దిగి, బల్ల కింది చివర ఉండే ఆప్రాన్ అనే మూత వెనకాల గోడని తాకే క్షణంలో ఒక ఫ్లిప్పర్‌ని పైకెత్తి పట్టుకుని మెషిన్‌ని విసురుగా తోస్తే, బంతి ఎగిరి ఫ్లిప్పర్ కింది సందులోంచి మళ్లీ ఆటలోకి వస్తుంది. బ్యాంగ్ బ్యాక్ ఇంకా మోటు. ముందు కాలికి పాదం ఆనించి, గ్లాస్‌కి ముందుండే లోహపు పట్టీ (లాక్ బార్) మీద అరచేత్తో బాది, పోయిన బంతిని పైకి ఎగరేయడం.

మొదటి కారణం దెబ్బలు. మణికట్టు, అరచేయి, మెషిన్ కాలు, ఏదో ఒకటి పోతుంది. రెండోది నాకు ఇంకా ముఖ్యం. ఇవి అన్ని మెషిన్లలో ఒకేలా పడవు. ఒకదాంట్లో ఆప్రాన్ గోడ వాటంగా ఉండి సులువుగా వస్తుంది, దాని పక్కదాంట్లో ఎంత చేసినా రాదు. అనుమతిస్తే ఆ మెషిన్ లోపలి కొలతలు ముందే తెలిసినవాడు ఒక్కో బంతితో మూడేసి బంతుల ఆట ఆడతాడు. ఇంకో సంగతి, మామూలు కుదుపుకి ముప్పు ఉంటుంది, బంతి బతికే ఉంది కాబట్టి టిల్ట్ అయితే నష్టం. బంతి ఎలాగూ పోయినట్టే అన్న స్థితిలో కొట్టే దెబ్బకి పోయేది బోనస్ మాత్రమే, బోనస్ చిన్నదైతే పోయేది ఏమీ లేనట్టే. అంటే టిల్ట్ అనే అంపైర్‌కి భయపడే పనిలేని చోటు అది. అందుకే అక్కడ మనుషుల రూల్ కావాలి.

చేసి పట్టుబడితే ఆ బంతిని ఆడనివ్వకపోవడం, వార్నింగ్, మళ్లీ చేస్తే ఇంకా పెద్ద శిక్ష, ఇలా అధికారి నిర్ణయిస్తారు.

నేనేమీ చేయలేదు, పోయిన బంతి దానంతట అదే తిరిగి వచ్చింది. వదిలేయాలా?

ఆడుకోండి. ఇలాంటిదాన్ని లాజరస్ అంటారు, చచ్చి బతికిన బంతి అన్నమాట. కావాలని చేసింది కాకపోతే మీ అదృష్టం. చిక్కెక్కడంటే, మీరు పైన ఇంకో పని కోసం వేసిన కుదుపుకే బంతి ఎగిరి వచ్చినట్టు ఎదుటివాళ్లకి కనిపించొచ్చు. ఆ కుదుపు బంతి అవుట్‌లేన్‌లోకి వెళ్లకుండా ఆపడానికి వేసిందైతే ధైర్యంగా చెప్పండి. ఫ్లిప్పర్‌ని ఎత్తి పట్టుకుని మరీ తోశారా అన్నదాన్ని బట్టే చూసేవాళ్లకి ఉద్దేశం అర్థమవుతుంది.

టిల్ట్ పడలేదు కదా, మెషిన్‌ని తన్నినా ఎత్తినా తప్పేంటి?

టిల్ట్ పడకపోయినా తప్పే. ముందు కాళ్లు లేపి కిందకి వదలడం, తన్నడం, గుద్దడం, ముఖ్యంగా గ్లాస్ మీద కొట్టడం, ఇవన్నీ మెషిన్‌ని హింసించడం కిందకే వస్తాయి, డైరెక్టర్ తన విచక్షణతో వార్నింగ్ ఇవ్వొచ్చు, పోటీలోంచి పంపేయొచ్చు. చాలా టోర్నమెంట్లలో మెషిన్లు ఎవరో ఒకరు ఇంటి నుంచి ట్రక్కులో తెచ్చి పెట్టినవి. అద్దె కూడా తీసుకోరు. వాటిని బాగుచేసేందుకు రాత్రుళ్లు కూర్చునే మనుషులున్నారు. బంతి పోయిన కోపం చూపించుకోవడానికి ఆ మెషిన్ దొరకదు.

ఒక్కసారే కుదిపాను, రెండు వార్నింగులు పడ్డాయి. ఇది మెషిన్ లోపం కదా?

చాలావరకు కాదు. ఊగే బరువు రింగు ఒక పక్కన తాకి, వెనక్కి వచ్చి రెండో పక్కన కూడా తాకితే పాత మెషిన్లు దాన్ని రెండుగా లెక్కపెడతాయి. కొన్ని కొత్త మెషిన్లలో వెంటవెంటనే పడే తాకిళ్లని ఒకటిగా లెక్కించే సెట్టింగ్ ఉంటుంది. అది ఆన్ చేశారో లేదో నిర్వాహకుల ఇష్టం. ఏదైనా సరే అందరికీ ఒకే మెషిన్, ఒకే సెట్టింగ్ కాబట్టి అన్యాయం లేదు. మొదటి వార్నింగ్ కనపడగానే చేతులు తేలిక చేయండి, లోలకం ఆగేవరకు ఇంకో కుదుపు వద్దు, వీలైతే బంతిని ఫ్లిప్పర్ మీద పట్టి ఆపుకోండి.

బంతి ఎక్కడో ఇరుక్కుపోయింది. కుదిపి విడిపించుకోవచ్చా?

చేయొచ్చు, కానీ బాధ్యత మీదే. విడిపించుకునే ప్రయత్నంలో టిల్ట్ అయితే ఆ బంతి తిరిగి ఇవ్వరు. చాలా మెషిన్లు తామే లోపలి కాయిల్స్ (ఫ్లిప్పర్లు వగైరాలని కదిపే విద్యుత్ చుట్టలు) కొట్టి వెతుకుతాయి, కాసేపు ఆగండి. రాకపోతే ఆ దగ్గర నిలబడే చెయ్యెత్తి అధికారిని పిలవండి, గ్లాస్ తీసి విడిపించడం వాళ్ల పని. ఒక సున్నితమైన తట్టు వరకు పర్వాలేదు. మూడో తట్టు దాకా వెళ్లేవాళ్లే ఎక్కువగా నష్టపోతారు.

## బంతి పోయాక, టిల్ట్ అయ్యాక

నా బంతే టిల్ట్ చేసుకున్నాను. అదనంగా శిక్ష ఉంటుందా?

ఉండదు. బంతి పోయింది, బోనస్ పోయింది, అదే శిక్ష. కొన్ని బాగా పాత మెషిన్లలో ఒక్క టిల్ట్‌కి ఆట మొత్తం ముగుస్తుంది. క్లాసిక్ టోర్నమెంట్లకి వెళ్తే ముందే అడిగి తెలుసుకోండి. 1980లకి ముందు వచ్చిన చాలా మెషిన్లలో వార్నింగ్ అనేదే ఉండదు, మొదటి తాకిడికే బంతి పోతుంది.

బంతి ఎలాగూ పోతోందని ఆఖరి క్షణంలో గట్టిగా తోశాను, బోనస్ కూడా పోయింది. ఏం చేయాలి?

ఏమీ చేయలేరు, న్యాయంగానే పోయింది. బంతి ఫ్లిప్పర్లు దాటి కిందకి వెళ్లిపోయాక కూడా అది పోయిన బంతులు చేరే గాడిలో (ట్రఫ్‌లో) పడి మెషిన్ బోనస్ లెక్కపెట్టడం మొదలుపెట్టేవరకు టిల్ట్ బతికే ఉంటుంది. చాలా మెషిన్లలో మంచి స్కోర్లు బోనస్‌లోంచే వస్తాయి. బంతి చేయి దాటిందని తెలిసిన మరుక్షణం మెషిన్ మీంచి రెండు చేతులూ తీసేయడం అలవాటు చేసుకోండి. ఇది నిజంగా కష్టమైన అలవాటు, ఒళ్లు ఆగదు. కానీ ఒకసారి చేతికి వస్తే మీ స్కోరు కాపాడుతుంది, మీ వెనక ఆడేవాళ్లనీ కాపాడుతుంది.

నేను టిల్ట్ చేశాక తర్వాతి ప్లేయర్ బంతి కూడా టిల్ట్ అయిపోయింది. తప్పు ఎవరిది?

ఎక్కువ గొడవలు తెచ్చే ప్రశ్న ఇదే. దీన్ని టిల్ట్ త్రూ అంటారు. నలుగురు ఒకే మెషిన్ మీద వంతులవారీగా ఆడే మ్యాచ్‌లో జరుగుతుంది.

మీరు కుడి అవుట్‌లేన్ దగ్గర బంతిని కాపాడాలని గట్టిగా తోశారు, వార్నింగులు అయిపోయి టిల్ట్ పడింది. లోలకం ఇంకా పెద్దగా ఊగుతోంది. ఈలోగా మెషిన్ మీ బంతిని ముగించి, రెండో ప్లేయర్ బంతిని ప్లంజర్ దగ్గరికి పంపేసింది. ఇంకా ఊగుతున్న బరువు మళ్లీ రింగుని తాకింది. మెషిన్‌కి అది ఎవరి కుదుపో తెలియదు, ఇప్పుడు ఎవరి వంతు నడుస్తోందో అదే తెలుసు. రెండో ప్లేయర్‌కి వార్నింగ్ పడుతుంది, వార్నింగులు లేని మెషిన్ అయితే అతను చెయ్యి కూడా పెట్టకుండానే బంతి పోతుంది. మెషిన్ అనే అంపైర్ పూర్తిగా తప్పు మనిషిని శిక్షించే చోటు ఇది.

కాబట్టి రెండు వైపులా బాధ్యత ఉంది. గట్టిగా కుదిపి బంతి ముగించినవాళ్లు వెంటనే చేతులు తీసి, టిల్ట్ ఊగుతోంది ఆగు అని తర్వాతివాళ్లకి ఒక మాట చెప్పాలి. తర్వాతివాళ్లు లోలకం నెమ్మదించేవరకు బంతి వదలకుండా ఆగొచ్చు, అది వాళ్ల హక్కు, త్వరగా ఆడమని ఎవరూ తొందరపెట్టకూడదు. అయినా టిల్ట్ తగిలిందంటే ఇద్దరూ మెషిన్ ముట్టుకోకుండా అధికారిని పిలవాలి. బాధితుడికి పోయిన బంతికి బదులు ఇంకో బంతి ఇవ్వడమే న్యాయం. సాధారణంగా ఆట అయ్యాక కొత్త ఆట మొదలుపెట్టి ఒక్క బంతి ఆడనిచ్చి ఆ స్కోరు కలుపుతారు. ఇక చేసినవాడి సంగతి, మామూలు ఆటలో పొరపాటున జరిగిందా, బంతి పోయాక కోపంతో బాదడం వల్ల జరిగిందా, ఎదుటివాడిని దెబ్బతీయాలనే చేశాడా, వీటిని బట్టి ఉంటుంది. ఆఖరిదైతే ఆ ఆటకి సున్నా స్కోరు, అక్కడితో ఆగకపోతే పోటీ నుంచి బహిష్కరణ, ఈ రెండింటినీ నేను పూర్తిగా సమర్థిస్తాను.

స్లామ్ టిల్ట్ అంటే ఏమిటి? అందరి ఆటా ఆగిపోయింది.

మామూలు టిల్ట్ ఊగే బరువుతో పనిచేస్తే, స్లామ్ టిల్ట్ సాధారణంగా నాణేల తలుపుకి బిగించిన ఒక స్విచ్. మెషిన్ ముందు భాగాన్ని తన్నినప్పుడో గుద్దినప్పుడో అది కలుస్తుంది, కలిస్తే బంతితో పాటు ఆట మొత్తం, అందరిదీ, రద్దవుతుంది. చేసినవాడికి ఆ ఆటలో సున్నా. మిగతావాళ్ల ఆట పోకూడదు కాబట్టి వాళ్లకి మిగిలిన బంతులు కొత్త ఆటలో ఆడనిచ్చి పాత స్కోరుకి కలుపుతారు. అందుకే మీ వంతు అయ్యాక స్క్రీన్ మీది స్కోరుని ఫోన్‌లో ఫోటో తీసుకోవడం మంచిది. చిన్న తట్టుకే స్లామ్ టిల్ట్ పడితే స్విచ్ చెడిపోయి ఉండొచ్చు, అప్పుడు అది మెషిన్ లోపం, ఆటగాడి మీద వేయకూడదు.

నేను ఆడుతుంటే ఎవరో వచ్చి తగిలారు, టిల్ట్ అయింది.

బయటివాళ్ల జోక్యం. బంతి ఆడటం ఆపి, లేదా అది పోయాక వెంటనే, అధికారికి చెప్పండి. బదులు బంతి అడిగే న్యాయం మీకుంది. తగిలినవాళ్లు కావాలని చేయలేదు, అరవకండి. కిక్కిరిసిన హాల్లో రెండు మెషిన్ల మధ్య జానెడు చోటులో నిలబడి ఆడే ఆట ఇది.

ఈ మెషిన్ టిల్ట్ మరీ సున్నితంగా ఉంది. లోపం అని ఫిర్యాదు చేయొచ్చా?

సున్నితంగా ఉండటం లోపం కాదు. అందరికీ అంతే సున్నితంగా ఉంటే అది ఆ మెషిన్ స్వభావం, దానికి తగ్గట్టు ఆడాలి. ఉన్నట్టుండి మారితే మాత్రం లోపమే. పొద్దున్నంతా ఊరుకున్న తోపుకి మధ్యాహ్నం నుంచి టిల్ట్ పడుతోందంటే స్క్రూ వదులై బరువు జారి ఉండొచ్చు, కడ్డీ వంగి ఉండొచ్చు. అప్పుడు చెప్పండి, చూస్తారు. చెప్పేది మీ బంతి పోకముందే అయితే మీ మాటకి విలువ ఎక్కువ.

కావాలని నా బంతిని టిల్ట్ చేసి ముగించొచ్చా? ఎలాగూ గెలిచేశాను.

మీ నష్టం మీదే కాబట్టి సాధారణంగా అభ్యంతరం ఉండదు. వెనక ఇంకా ఆడాల్సినవాళ్లుంటే మాత్రం దయచేసి వద్దు. ఊరికే బంతిని పోనివ్వండి, ఊగే లోలకాన్ని వాళ్లకి వదిలిపెట్టకండి.

## పోటీ నడిపేవాళ్లకి

వార్నింగులు ఎన్ని పెట్టాలి?

ఎన్ని పెట్టినా పర్వాలేదు, ముందే చెప్పండి, మధ్యలో మార్చకండి. నాకైతే ఒక వార్నింగ్, మధ్యస్థంగా టైట్‌గా ఉన్న టిల్ట్ నచ్చుతుంది. మూడు వార్నింగులు, వదులు టిల్ట్ పెడితే మెషిన్‌ని ఈడ్చి ఆడేవాళ్లదే రాజ్యం. వార్నింగ్ లేకుండా మరీ టైట్‌గా పెడితే ఎవరూ మెషిన్ ముట్టుకోరు, అప్పుడు అవుట్‌లేన్‌లో పడ్డ ప్రతి బంతీ ఒట్టి అదృష్టం అవుతుంది, ఆటలోని సగం విద్య పోతుంది.

కాళ్ల కింద రబ్బరు పెట్టాలా?

నున్నటి సిమెంటు నేల, టైల్స్ అయితే పెట్టండి. పెడితే నాలుగు కాళ్లకీ పెట్టండి, ఆ వరసలోని అన్ని మెషిన్లకీ పెట్టండి. కాళ్లు ఉండాల్సిన చోట నేల మీద టేపు ముక్క అంటిస్తే జరిగినప్పుడు మళ్లీ అదే చోటికి తేవడం సులువు.

క్వాలిఫయింగ్ (అర్హత రౌండ్) మధ్యలో టిల్ట్ సరిచేయొచ్చా?

చెడిపోతే సరిచేయాల్సిందే. ఎవరో గొణిగారని మాత్రం మార్చకండి. పొద్దున ఆడినవాడి స్కోరు, సాయంత్రం ఆడినవాడి స్కోరు ఒకే పట్టికలో పోటీపడతాయి, మధ్యలో బరువు ఒక్క మిల్లీమీటరు జరిపినా రెండూ ఒకే ఆట కావు. లోలకం ఎక్కడుందో ఉదయమే ఒక ఫోటో తీసి పెట్టుకోండి. జారితే అదే చోటికి తేవచ్చు, అడిగినవాళ్లకి చూపించొచ్చు.

డెత్ సేవ్ చేశాడని ఒకరు, చేయలేదని ఒకరు. అధికారి చూడలేదు. ఎలా తేల్చాలి?

మొదట ఇద్దరినీ విడివిడిగా అడగండి, కలిపి అడిగితే గొంతు పెద్దగా ఉన్నవాడు గెలుస్తాడు. ఫ్లిప్పర్ పైకెత్తి ఉందా, తోపు బంతి ఎక్కడ ఉండగా పడింది, ఈ రెండూ అడిగితే చాలావరకు తేలిపోతుంది. మ్యాచ్‌ని వీడియోలో ప్రసారం చేస్తుంటే చూడొచ్చు, కానీ ఒక మెషిన్‌కి కెమెరా ఉండి పక్కదానికి లేనప్పుడు వీడియో వాడతారా లేదా అన్నది పోటీ మొదలవకముందే ప్రకటించి ఉండాలి. ఆధారం లేకపోతే ఆటని సాగనివ్వండి, ఆ ఆటగాడికి మాత్రం గమనిస్తున్నామని మర్యాదగా చెప్పి, అతని తర్వాతి ఆట దగ్గర ఒక అధికారిని నిలబెట్టండి.

కొత్తగా వచ్చినవాళ్లు ఈ రూల్స్ తెలియక తప్పు చేస్తే?

హాని జరగనంతవరకు మొదటిసారి పక్కకి పిలిచి చెప్పండి, అందరి ముందూ కాదు. పోటీకి ముందు మీటింగ్‌లో రెండు నిమిషాలు దీనికి కేటాయించండి: బంతి పోగానే చేతులు తీయండి, ముందువాళ్లు గట్టిగా కుదిపితే ఆగి ఆడండి, ఏదైనా తేడా వస్తే మెషిన్ ముట్టుకోకుండా పిలవండి. ఒక మెషిన్ తలుపు తెరిచి లోలకాన్ని వేలితో ఊపి చూపించండి, అది ఆగడానికి ఎంతసేపు పడుతుందో వాళ్లనే చూడనివ్వండి.